ఆమెకు స్టూలు, నాకు వార్డు

ఆమె మా వార్డులోకి వచ్చిన రోజు నేను ఒక ముసలాయన ముక్కులోంచి గొట్టం తీస్తున్నాను. తలుపు దగ్గర మేట్రన్ గొంతు వినిపించింది. పక్కన ఉన్నావిడను చూపించి, ఈ మేడం కొన్ని వారాలు మన వార్డులో ఉంటారు, పరిశోధన చేస్తున్నారు, ఏమడిగినా చెప్పండి అని అందరికీ చెబుతోంది. తలెత్తి చూశాను. మేడం అంటే ఎవరో కాదు. హాస్టల్లో నాతోపాటు ఒకే గదిలో ఉండి, నా బకెట్టుతోనే స్నానం చేసిన మనిషి.

అది రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి మాట. కర్నూలులో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి. పేరెందుకులెండి. నేను అక్కడ మగవాళ్ల సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సును. మధ్యాహ్నం డ్యూటీలో వార్డు మొత్తానికి నేనొక్కదాన్నే నర్సును, నాకు తోడు ఒక ఆయా. మంచాలు నిండిపోతే నాపరాళ్ల నేల మీద పరుపులు వేసేవాళ్లం. ఆ మూల సెలైన్ అయిపోయిందని కేకేస్తే ఈ మూల నుంచి పరుగెత్తాలి. చెప్పులు రెండు నెలలు కూడా వచ్చేవి కావు.

మేమిద్దరం కర్నూలులోనే నర్సింగ్ చదివాం. నాది బేతంచెర్ల. మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా తెల్లటి పిండి ఉండేది. ఆమెది కడప. వాళ్లది బజారులో కిరాణా అంగడి. కోమట్ల ఇళ్లలో ఆడపిల్లలు నర్సింగ్‌కు రావడం అప్పటికి వింతే. వాళ్లమ్మ నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి చనిపోయిందట. ఆ నెలల్లో ఒక నర్సమ్మ ఆవిడను చూసుకున్న తీరు వాళ్ల నాయన మరచిపోలేక, కూతురు నర్సునవుతానంటే చుట్టాలందరికీ ఎదురుతిరిగి పంపించాడట.

చదువుకునే రోజుల్లో పనిలో నేనే ముందు. నరం దొరకని పిల్లలకు కూడా నా చేతిలో సూది ఒక్కసారికే పోయేది. ఆమె మొదటిసారి కుళ్లిన కాలుకు కట్టు విప్పినప్పుడు కళ్లు తిరిగి పడిపోయింది. ట్యూటరమ్మ ఆమెను నా వెనక నిలబెట్టి, చూసి నేర్చుకో అనేది. రాతపరీక్షలో మాత్రం ఆమెదే పైచేయి. నేను అప్పుడు దాన్ని పెద్దగా లెక్కపెట్టలేదు. రోగి మంచం దగ్గర రాత ఎవరు చూస్తారులే అనుకునేదాన్ని.

కోర్సు అయిపోగానే ఇద్దరం పైచదువులకు దరఖాస్తు పెడదామనుకున్నాం. ఆ ఎండాకాలమే నాకు పెళ్లి కుదిరింది. మా ఆయన లారీల ఆఫీసులో గుమాస్తా. మంచివాడే. చదువుతానంటే వద్దనలేదు, చదువుకోమని కూడా అనలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఉద్యోగంలో చేరాను. ఆమె సంగతులు మాత్రం వాళ్ల నోటా వీళ్ల నోటా తెలుస్తూ ఉండేవి. డిగ్రీ అయిందట, బెంగుళూరులో పెద్ద చదువుకు సీటొచ్చిందట, ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతోందట. ఎవరైనా ఆ మాట ఎత్తితే, మంచిదే కదా అని వేరే పని మీద పోయేదాన్ని. ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే మాత్రం ఆ మాటలు ఒక్కొక్కటీ మళ్లీ వినపడేవి.

ఇప్పుడు ఆమె నా వార్డులోనే కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

ఆమె చదువుతున్నది నర్సుల గురించేనట. ఒక నర్సు మీద ఎంతమంది రోగుల భారం పడుతోంది, ఆ భారంలో రోగులకు అందాల్సిన సేవల్లో ఏవి అందకుండా పోతున్నాయి అని చూడడం ఆమె పని. చూడడమే. రోగిని ముట్టుకోకూడదు, సాయం చేయకూడదు, చేస్తే లెక్క తప్పిపోతుందని వాళ్ల ప్రొఫెసరమ్మ ఆంక్ష. ఇస్త్రీ చేసిన నూలు చీర, పైన తెల్లకోటు, ఒళ్లో అట్ట, చేతిలో పెన్ను. నేను ఇటు నుంచి అటు పోతుంటే తల అటు తిప్పేది, అటు నుంచి ఇటు వస్తుంటే ఇటు తిప్పేది. వేళకు లేచి భోజనానికి పోయేది. నేను సద్దిబువ్వ డబ్బా తెరిచేసరికి సాయంత్రమయ్యేది. ఆమె పాదాల వంక చూసేదాన్ని. నా పాదాలకు పగుళ్లు. ఆమెవి పెళ్లికూతురి పాదాల్లా ఉండేవి.

మొదటిరోజు డ్యూటీ దిగబోతుంటే దగ్గరకొచ్చింది. హాస్టల్లోలాగా ఏమే అని పిలుస్తుందేమోననుకున్నాను. "సిస్టర్" అంది. చుట్టూ జనం ఉన్నారని కాబోలు. ఈరోజు చేయాలనుకుని చేయలేకపోయిన పనులేమైనా ఉన్నాయా అని అడిగింది. నిజానికి నడుము విరిగి కదల్లేకుండా పడున్న మనిషిని ఆ పూట ఒక్కసారి కూడా పక్కకు తిప్పలేదు. ముగ్గురికి నోరు శుభ్రం చేయలేదు. ఇవన్నీ ఆమెకూ కనపడే ఉంటాయి.

"ఏమీ ల్యావు. అన్నీ చేసినా" అన్నాను.

ఆమె నా ముఖం చూసి, రాసుకుని, థాంక్స్ చెప్పింది. ఇంటికి పోయి మా ఆయనతో చెప్పుకుంటే, చూసి రాసుకోనీ, దాంట్లో నీ సొమ్మేం పోయిందన్నాడు. ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆమె రాస్తున్నది నా పనిని. ఆ రాతకు డిగ్రీ వచ్చేది ఆమెకు.

వారం తిరిగేసరికి వార్డంతా ఆమెదైపోయింది. ముట్టుకోకూడదు కానీ మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు కదా. పడుకున్నవాళ్లను మీదే ఊరు, ఎంతమంది పిల్లలు, వానలు పడ్డాయా అని అడిగేది. శ్రీశైలం కరెంటు పనుల్లో దెబ్బ తగిలినాయన ఒకడుండేవాడు. రోజూ బీపీ చూసి, మాత్రలు ఇచ్చి, ఎలా ఉందని అడిగితే బాగుందనే అనేవాడు నాతో. రాత్రుళ్లు కాలు లాగుతూ నిద్ర పట్టడం లేదని ఆమెతో చెప్పాడట. ఆ సంగతి ఆమే నాకు చెప్పింది, డాక్టరుకు చెప్పమని. చెప్పాను. కానీ ఆ మనిషి మీద నాకు కోపమొచ్చింది. నాలుగు రోజులుగా సూది పొడుస్తున్నది నేను, నొప్పి చెప్పుకునేది ఆమెకా? ఆఖరికి మా ఆయా కూడా టీ తెస్తే ముందు ఆమె చేతికే ఇచ్చేది. ఆ టీ నాకు ఎప్పుడూ చల్లారిపోయే అందేది.

తర్వాత ఆ మధ్యాహ్నం వచ్చింది.

శ్రీశైలం పోతున్న జీపొకటి బోల్తాపడి, దాంట్లో ఉన్నవాళ్లను ఒక్కసారిగా మా ఆసుపత్రికి తెచ్చారు. కింద పట్టనివాళ్లను నా వార్డులోకి పంపారు. ఏడుపులు, నెత్తుటి గుడ్డలు, మా మనిషి యాడ అని వెతుక్కునే చుట్టాలు. నేను ఒక మూల ఒకాయనకు నరం వెతుకుతున్నాను. దెబ్బకు నరాలన్నీ అణగారిపోయి దొరకడం లేదు. అదే సమయంలో కిటికీ వైపు మంచంలో ఓర్వకల్లు దగ్గరి పల్లె రైతొకాయన ఉన్నాడు. ఆ పొద్దున్నే తొడకు ఆపరేషన్ అయింది. ఆయన భార్య కిందికి టీకి పోయింది. ఆయన అరవలేదు, పిలవలేదు. ఊరికే ఆవులిస్తున్నాడు. ఒకదాని వెంట ఒకటి ఆవులింతలు.

ఆ గందరగోళంలో ఆవులింతలు ఎవరికి కావాలి? స్టూలు మీద కూర్చున్నామె చూసింది. మనిషికి లోపల నెత్తురు తగ్గిపోతుంటే అలా ఆవులింతలొస్తాయని మా ఇద్దరికీ ఒకే ట్యూటరమ్మ చెప్పింది. ఆమె అట్ట కింద పడేసి, పోయి దుప్పటి ఎత్తింది. కట్టు పైకి బాగానే ఉంది. కానీ తొడ కింద పరుపు తడిసి ముద్దయింది. రెండు చేతులూ తొడ మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి అదిమిపట్టి అరిచింది.

"ఏమే, ఈడికి రా. నెత్తురు పోతాంది."

హాస్టల్లో పిలిచినట్టే పిలిచింది. నేను పరుగెత్తాను. డాక్టరును పిలిపించడం, సెలైన్లు ఎక్కించడం, మళ్లీ థియేటరుకు తీసుకుపోవడం అన్నీ నిమిషాల్లో జరిగిపోయాయి. థియేటరు తలుపు దాకా ఆమె చేతులు తీయకుండా ట్రాలీతో పాటే నడిచింది. ఆయన బతికాడు.

సాయంత్రానికి ఆసుపత్రంతా ఆమె మాటే. సర్జన్ వచ్చి అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. ఆ రైతు భార్య నన్ను దాటుకుంటూ పోయి ఆమె కాళ్లు పట్టుకుంది. తర్వాత నా దగ్గరకొచ్చి, కట్టు ఇప్పేటప్పుడు ఆ తెల్లకోటు మేడమునే రమ్మని చెప్పు సిస్టరమ్మా అని బతిమాలింది. సరేనన్నాను. ఇక్కడ రోజూ కట్లు విప్పేది నేను కదా అనిపించింది. ఆ మనిషి బతికినందుకు నాకు సంతోషం లేదని కాదు. ఉంది. దాని పక్కనే ఇది కూడా ఉంది.

చేతులు కడుక్కునే కొళాయి దగ్గర ఆమె ఒక్కతే కనిపించింది. తెల్లకోటు ముంజేతుల దాకా ఎర్రగా ఉంది. కొళాయి తిప్పలేకపోతోంది. నేను తిప్పాను.

"చూడు, అదిమి అదిమి వేళ్లు బిగుసుకపోయినాయి" అంది. "రోగిని ముట్టుకోని ఎన్నేండ్లాయనో."

అప్పుడైనా ఒక మంచిమాట అనాల్సింది. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"అందురూ నిన్నే మెచ్చుకుంటాండారు. నన్ను గూడా ఒక స్టూలు మీద కూకోబెట్టి సూడమంటే నేనూ సూస్తాంటి ఆ ఆవులింతల్ని. నాకు తెలీకనా? నీకి కూకోనేకి టయముండాది. నాకి ల్యా."

ఆమె నీళ్ల కింద చేతులు అలాగే ఉంచి నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"అదేనే" అంది మెల్లగా. "నేను వారాల నుంచి రాయనేకి తంటాలు పడతాండేది అదే. నువ్వు ఒక్క మాటలో చెప్పేసినావు."

మెచ్చుకోలులాగే ఉంది. నాకు మాత్రం నా కోపాన్ని కూడా తీసుకుపోయి తన చదువులో కలుపుకుందనిపించింది. అయినా ఆ సాయంత్రం ఆమె మళ్లీ ఆ పాత ప్రశ్న అడిగినప్పుడు, ఏమీ లేవని అనలేదు. గోడకు ఆనుకుని మెట్ల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. నడుము విరిగిన మనిషికి వీపు మీద పుండు మొదలైందని చెప్పాను. అతన్ని తిప్పాలంటే ఇద్దరు కావాలి, ఆయా ఇంకోచోట ఉంటే నేనొక్కదాన్నీ తిప్పలేను. కాలు తీసేయాలని డాక్టరు చెప్పిపోయాక ఒకాయన గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, నేను అది చూసి కూడా మందుల ట్రే పట్టుకుని ముందుకు పోయానని చెప్పాను. ఇంటికి పంపేటప్పుడు కట్టు ఎలా మార్చుకోవాలో చెప్పడానికి తీరిక లేక, చీటీ చేతిలో పెట్టి పంపితే, వారంలో పుండుతో తిరిగొచ్చినవాళ్లున్నారని చెప్పాను. చెబుతూ పోతే అవి అయిపోవడం లేదు. ఆమె కాసేపటికి రాయడం ఆపేసి ఊరికే వింది.

చెప్పేశాక కడుపులో మంట చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. చెప్పుకోవడానికి నాకు ఆమె ఉంది, వినడానికి ఆమెకు సమయం ఉంది. అదీ మళ్లీ ఆమెదే.

ఆ రోజు లెక్క చెడిపోయిందని వాళ్ల ప్రొఫెసరమ్మ చివాట్లు పెట్టిందట. ఆ రోజును తీసేసి మిగతాది రాసిందట. పని పూర్తయ్యాక తాను చూసినదాన్ని ట్రస్టు పెద్దల ముందు చెబుతానని అనుమతి తీసుకుంది. నన్ను కూడా రమ్మంది. నేనెందుకని ఎంత చెప్పినా వినలేదు. మేట్రన్ కూడా పొమ్మంది. బీరువాలోంచి పెళ్లిచీర తీసి, ఇది మరీ ఎక్కువని పెట్టేసి, యూనిఫాంలోనే పోయాను.

బల్ల చుట్టూ నూనెమిల్లు యజమాని, రిటైరైన ఆఫీసరొకాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. మా సర్జన్ కూడా ఉన్నాడు. ఆమె నిలబడి మాట్లాడింది. ఇప్పుడు వేరే దేశాల్లో కూడా ఇదే పరిశోధన చేస్తున్నారని, నర్సు మీద రోగుల సంఖ్య పెరిగేకొద్దీ కాపాడగలిగిన ప్రాణాలు కూడా చేజారుతున్నాయని అక్కడివాళ్లు రాస్తున్నారని చెప్పింది. ఎక్కడా తడబడలేదు. అంతమంది మగవాళ్ల ముందు ఆ గొంతులో వణుకు లేదు. కళ్లు తిరిగి పడిపోయిన పిల్ల ఈమేనా అనుకున్నాను. నేను ఇలా ఎప్పుడైనా నిలబడగలిగి ఉండేదాన్నా అనీ అనుకున్నాను.

నూనెమిల్లాయన అంతా విని, చిరాకు లేకుండానే అడిగాడు: ప్రతి రోగికీ పక్కనే పెండ్లామో తల్లో ఉంటారు కదమ్మా, వాళ్లు చూసుకుంటారు, ఇంకా సిస్టర్లు ఎందుకు? ఆమె నా వైపు తిరిగి, ఈమెను అడగండి సార్ అంది.

లేచి నిలబడ్డాను.

"వాళ్లు నీళ్లు తాపిస్తారు, బువ్వ తినిపిస్తారు సార్" అన్నాను. "ఆ పొద్దు ఆయప్ప ఆవులిస్తాంటే, నిద్రొస్తాండాదేమోనని ఆయన భార్య టీకి పోయింది. అది నెత్తురు పోతాంటే వచ్చే ఆవులింతని ఆయమ్మకెట్ల తెలుస్తాది? తెలిసినదాన్ని నేను. నేను ఇంగో మూలన ఉండాను."

చూద్దాంలే అని నూనెమిల్లాయన వేరే విషయంలోకి పోయాడు. నా మాట గాలికి పోయిందనుకున్నాను. కానీ సర్జన్ పట్టు వదల్లేదు. ఆమె కూడా రెండుసార్లు మళ్లీ వచ్చి వాళ్లను కలిసింది. కొన్ని నెలలకు మధ్యాహ్నం డ్యూటీలో మా వార్డుకు రెండో నర్సును వేశారు. ఆ వారం పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఫోటోలో ఆమె మధ్యలో ఉంది. చివర్న ఒక యూనిఫాం భుజం కనిపిస్తుంది. అది నాది. మా ఆయన దాన్ని మా పిల్లలకు చూపించి, ఇదిగో మీ అమ్మ అన్నాడు. పిల్లలు, యాడ, యాడ అని వెతికారు.

ఆమెకు కడపలో నర్సింగ్ కాలేజీలో ఉద్యోగమొచ్చింది. పోయేముందు వార్డుకొచ్చి, ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా పైచదువు చదవచ్చు, కడపకు రా, నా దగ్గరే ఉండు అని పిలిచింది. పిల్లల బడి, ఇల్లు అని ఏవో చెప్పాను. అవి అబద్ధం కాదు. కానీ ఆమె నల్లబల్ల దగ్గర నిలబడి ఉంటే నేను బెంచీ మీద కూర్చుని రాసుకోవడం మాత్రం నా ఊహలో ఎంతకూ ఇమడలేదు.

రెండో నర్సుగా వచ్చిన అమ్మాయిది ప్రొద్దుటూరు వైపు. అప్పుడే కోర్సు ముగించుకుని వచ్చింది. ఆ పిల్ల మీద కూడా నాకు కొన్నాళ్లు కంటు ఉండేది. ఈ వార్డును ఒక్కతే మోయడమంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. మంచం అంచున కూర్చుని రోగులతో మాట్లాడుతుంది, నవ్విస్తుంది, దిండు సర్దుతుంది, నర్సంటే ఇంతేననుకుంటుంది. నా వయసు అంతా పరుగులోనే పోయింది, ఈమెకు మొదటిరోజే తీరిక చేతికొచ్చింది. మంచిది కదా, దీనికోసమే కదా నిలబడి మాట్లాడావు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. మనసు వినేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి సెలైన్లన్నీ తానే మార్చి, నా దగ్గరకొచ్చి, ఇంక నేను చూసుకుంటానక్కా, మీరు కొంచేపు కూర్చోండి అంది. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నడవలో నిలబడ్డాను. అప్పుడొక ముసలాయన పిలిచాడు. వరిబీజానికి ఆపరేషన్ అయినాయన. గోర్లు పెరిగి కుట్ల దగ్గర గీసుకుంటున్నాయి, తీస్తావా సిస్టరమ్మా అన్నాడు. ఇంతకుముందైతే కొడుకును తీయమనండి అని చెప్పి పోయేదాన్ని. గోర్లు తీసే కత్తెర తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాను.

ఆయన వేళ్లు రాయిలాగా ఉన్నాయి. ఒక్కో గోరు తీస్తుంటే అడిగాడు.

"మీదే ఊరమ్మా?"

ఇన్నేళ్లలో నా వార్డులో పడుకున్న మనిషి నన్ను ఆ మాట అడగడం నాకు గుర్తులేదు. అడిగేంతసేపు నేను ఎవరి దగ్గరా నిలబడలేదేమో. బేతంచెర్ల అన్నాను. ఆయన లేచి కూర్చోబోయాడు. వయసులో ఉన్నప్పుడు అక్కడి గనుల్లో బండలు తీశాడట. ఎండలో బండ ఎలా కాలుతుందో, దాన్ని ఏ పక్క కొడితే పలకగా లేస్తుందో చెప్పుకుంటూ పోయాడు. మా నాయన పని సంగతి చెప్పాను. పేరు అడిగాడు, చెప్పాను. తెలియదన్నాడు. అయినా ఆ పిండి సంగతి తెలుసునన్నాడు. అది ఎంత కడిగినా పోదు కదమ్మా అన్నాడు.

ఒక చెయ్యి అయ్యేసరికి నిద్రపోయాడు. రెండో చెయ్యి కూడా మెల్లగా పూర్తిచేశాను. వార్డులో ఎవరో పిలిచారు. ఆ అమ్మాయి పోయింది. నేను కూర్చునే ఉన్నాను.

అప్పుడే కడపకు ఫోన్ చేసి ఆమెకు ఈ సంగతి చెప్పాలనిపించింది. ఆమె ఇప్పుడు క్లాసులోకి పోతుంటుంది, పిల్లలందరూ లేచి నిలబడి మేడం అంటుంటారు అనుకున్నాను. చేయబుద్ధి కాలేదు. మర్నాడు చేశాను.